రోజు ఒకటే, పేర్లు అనేకం: గ్రెగోరియన్ కాని తేదీలను డేటాబేస్‌లో భద్రపరచడం ఎలా?

థాయ్‌లాండ్‌లో వాడే బౌద్ధ శకం ప్రకారం 2024వ సంవత్సరం 2567 అవుతుంది. నెలలు అవే, రోజులు అవే, సంవత్సరానికి 543 కలిపితే సరిపోతుంది. ఇంత తేలికైన క్యాలెండర్‌కు వేరే ఏర్పాట్లు ఎందుకు అనిపిస్తుంది. 2567 ఫిబ్రవరి 29ని నేరుగా డేట్ కాలమ్‌లో రాసి చూడండి. 2567ను నాలుగుతో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి డేటాబేస్ ఆ తేదీని తిరస్కరిస్తుంది. నిజానికి 2024లో ఆ రోజు ఉంది. మరుసటి ఏడాది 2568 నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది. అందుకని 2025లో లేనే లేని ఫిబ్రవరి 29ని డేటాబేస్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. మొదటి పొరపాటు ఆ క్షణమే బయటపడుతుంది. రెండోది ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతుంది.

రోజు వేరు, ఆ రోజుకు ఒక క్యాలెండర్ పెట్టిన పేరు వేరు. డేట్ కాలమ్‌కు తెలిసింది గ్రెగోరియన్ పేరు, అంటే మనం రోజూ వాడే జనవరి, ఫిబ్రవరి క్యాలెండర్‌లోని పేరు ఒక్కటే. ఈ రెంటినీ విడివిడిగా భద్రపరచాలి, ఏది దేని నుంచి వచ్చిందో కూడా రాసి పెట్టుకోవాలి. కింద చెప్పే అంచెలన్నీ ఈ మాట మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇంత పట్టుగా చెప్పడానికి నాకు ఒక అనుభవం ఉంది. పాత పత్రాలను డేటాబేస్‌లోకి ఎక్కించే పనిలో కొంతకాలం ఉన్నాను. నాకంటే ముందు పని చేసినవారు హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన) తేదీలన్నింటినీ గ్రెగోరియన్‌లోకి మార్చి, అసలు తేదీలను తీసేశారు. ఏ పద్ధతిలో మార్చారో ఎక్కడా రాయలేదు. రెండు పత్రాల మధ్య ఒక్క రోజు తేడా కనిపించినప్పుడు, ఆ తేడా పత్రాలు రాసినవారిదా, మార్పిడి చేసినవారిదా అని తేల్చుకునే దారి లేకపోయింది. చివరికి కాగితాలన్నీ మళ్లీ తెరవాల్సి వచ్చింది.

మొదటి అంచె: ఏది మూలమో తేల్చుకోండి

మీ డేటాలోని ప్రతి తేదీ కాలమ్ దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. మనకు ముందుగా తెలిసింది రోజా, పేరా? సర్వర్ నమోదు చేసిన లావాదేవీ అయితే తెలిసింది రోజు. దాన్ని ఏ క్యాలెండర్‌లో చూపించినా అది అలంకారమే, చూపించేటప్పుడు మార్చుకుంటే చాలు. ఇలాంటి కాలమ్‌లకు ఈ వ్యాసంలోని ఏర్పాట్లేవీ అవసరం లేదు. మామూలు డేట్ కాలమ్ పెట్టి ముందుకు సాగండి.

ఒక ఒప్పందంలో ‘1445 రంజాన్ 17’ అని రాసి ఉంటే, తెలిసింది పేరు. రోజు మన ఊహ. ఆ ఊహ తప్పు కావచ్చు, రేపు దిద్దవలసి రావచ్చు. మూడో రకం ఏటా తిరిగివచ్చే తేదీలు. పుట్టినరోజులు, వర్ధంతులు, పండుగలు ఈ కోవలోవి. వీటిలో భద్రపరచవలసింది రోజును కాదు, నియమాన్ని. ఈ మూడు రకాలనూ ఒకే కాలమ్‌లో కలిపేయకండి.

రెండో అంచె: రోజుకు ఒక సంఖ్య

రోజును ఏ క్యాలెండర్‌తోనూ ముడిపెట్టకుండా చెప్పడానికి ఖగోళ శాస్త్రవేత్తలు ఎప్పుడో ఒక దారి వేశారు. అదే జూలియన్ దిన సంఖ్య. క్రీస్తు పూర్వం 4713 జనవరి 1ని (గ్రెగోరియన్‌కు ముందు వాడుకలో ఉన్న జూలియన్ క్యాలెండర్ ప్రకారం) సున్నాగా తీసుకుని రోజులను వరుసగా లెక్కిస్తారు. 2000 జనవరి 1 సంఖ్య 2451545. ఖగోళ లెక్కలో ఈ రోజు మధ్యాహ్నం మొదలవుతుంది. మన పనికి ఆ సగం రోజును వదిలేసి, పూర్ణాంకాన్ని మొత్తం రోజుకు గుర్తుగా వాడుకోవచ్చు.

ఈ సంఖ్యను ఏడుతో భాగించి శేషం చూడండి. సున్నా అయితే సోమవారం, ఒకటి అయితే మంగళవారం, అలా ఆదివారం దాకా. వారాల వరుస క్యాలెండర్ మారినా తెగదు. 1582లో గ్రెగోరియన్ క్యాలెండర్ మొదలైనప్పుడు అక్టోబర్ 4 తరువాత ఏకంగా 15 వచ్చింది, కానీ గురువారం తరువాత శుక్రవారమే వచ్చింది. అందుకే పాత పత్రంలో వారం రాసి ఉంటే దాన్ని ఎంతమాత్రం వదలకండి. మార్పిడి సరైనదా కాదా అని చెప్పే సాక్షి మీకు ఉచితంగా దొరికినట్టే.

దిన సంఖ్యను పూర్ణాంక కాలమ్‌గా పెట్టాలా, డేట్ రకంగానే ఉంచాలా అన్నది మీ డేటా ఎంత పాతదో దాన్ని బట్టి ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం తరువాతి తేదీలే ఉంటే డేట్ రకం చాలు. అంతకంటే వెనక్కి వెళితే జాగ్రత్త పడాలి, ఎందుకంటే డేటాబేస్‌లన్నీ ఒకేలా ప్రవర్తించవు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గ్రెగోరియన్ నియమాలనే వెనక్కి, క్రీస్తు పూర్వం 4713 దాకా సాగదీస్తుంది. ఒరాకిల్ 1582 అక్టోబర్ 15కు ముందు తేదీలను జూలియన్‌గా లెక్కిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో డేట్ రకం వ్యాప్తి 1000 నుంచి 9999వ సంవత్సరం వరకే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత డేట్‌టైమ్ రకం 1753కు ముందున్న దేన్నీ తీసుకోదు. బ్రిటన్ 1752 సెప్టెంబర్‌లో క్యాలెండర్ మార్చుకోవడం దీనికి కారణం. అదే డేటాబేస్‌లోని కొత్త డేట్ రకానికి ఈ ఇబ్బంది లేదు. 1500 నాటి తేదీని తేదీ రూపంలోనే ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు తరలిస్తే రెండు వైపులా అంకెలు ఒకేలా కనిపిస్తాయి, కానీ రోజు మారిపోతుంది. పూర్ణాంకాన్ని తరలిస్తే ఈ బెడద ఉండదు. పాత డేటాకు నేను పూర్ణాంకాన్నే ఎంచుకుంటాను. చదువుకోవడానికి వీలుగా దాని నుంచి గ్రెగోరియన్ తేదీని చూపించే ఒక వ్యూ (భద్రపరిచిన క్వెరీ) పెట్టుకుంటే సరిపోతుంది.

మూడో అంచె: పేరుకు తగినంత చోటు

తేదీ పేరును ఒకే టెక్స్ట్ కాలమ్‌లో కుక్కితే వెతకడం కుదరదు, వరుసలో పెట్టడమూ కుదరదు. భాగాలుగా విడదీయండి: ‘క్యాలెండర్’, ‘శకం’, ‘సంవత్సరం’, ‘నెల’, ‘అధిక_మాసం’, ‘రోజు’. వీటి పక్కన ‘రాసినట్టే’ అనే టెక్స్ట్ కాలమ్ కూడా ఉంచండి. పత్రంలో ఎలా ఉంటే అలా, అక్షర దోషాలతో సహా అందులో ఎక్కించాలి. దీన్ని తరువాత ఎవరూ దిద్దకూడదు.

‘క్యాలెండర్’ కాలమ్‌లో ఊరికే ‘హిజ్రీ’ అని రాస్తే చాలదు. నెలవంక కనబడటాన్ని బట్టి నడిచే హిజ్రీ, సౌదీ అరేబియా వాడే ఉమ్ అల్ ఖురా పట్టిక, ముప్పై ఏళ్లలో పదకొండు అధిక సంవత్సరాలతో సాగే గణిత హిజ్రీ వేర్వేరు. 1445 రంజాన్ మొదటి రోజు సౌదీలో 2024 మార్చి 11న, భారత్‌లో మార్చి 12న వచ్చింది. పేరు ఒకటే, రోజులు రెండు. కాబట్టి క్యాలెండర్ల జాబితాకు ఒక టేబుల్ పెట్టి, ప్రతి రూపానికీ విడిగా ఒక వరుస (రో) ఇవ్వండి. ఇరాన్ సౌర హిజ్రీకి వసంత విషువత్తు ప్రకారం నడిచేది ఒకటి, గణిత సూత్రంతో లెక్కించేది మరొకటి రాసుకోండి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో పర్షియన్ (ఇరాన్ సౌర హిజ్రీ) క్యాలెండర్ లెక్కించే పద్ధతి 4.6 వెర్షన్‌తో మారింది. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ వాడారో నమోదు చేయమనడం అందుకే.

నెల, రోజు కాలమ్‌లకు హద్దులు పెట్టేటప్పుడు చేయి అలవాటుగా 12, 31 అని రాసేస్తుంది. ఇథియోపియా సంవత్సరానికి 13 నెలలు. మొదటి పన్నెండూ 30 రోజులవి, చివరిది అయిదు లేదా ఆరు రోజులది. నేపాల్ విక్రమ సంవత్‌లో 32 రోజుల నెలలు ఉన్నాయి. యూదుల హీబ్రూ క్యాలెండర్‌లో పందొమ్మిదేళ్లలో ఏడు సంవత్సరాలకు పదమూడో నెల చేరుతుంది.

అధిక మాసానికి కొత్త అంకె ఇవ్వకండి. 2023లో జులై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం నడిచింది. దానికి అయిదో సంఖ్య ఇచ్చి, నిజ శ్రావణాన్ని ఆరుకు జరిపితే, ఆ ఏడాది భాద్రపదం ఏడు అవుతుంది. అప్పుడు భాద్రపదం అని వెతికే ప్రతి క్వెరీ కొన్ని ఏళ్లలో తప్పుతుంది. నెల సంఖ్య అయిదుగానే ఉండాలి, ‘అధిక_మాసం’ అవును అని చెప్పాలి. వరుసలో పెట్టే పనిని ఎప్పుడూ దిన సంఖ్యకే అప్పగించండి.

శకాలకు విడిగా ఒక టేబుల్ కావాలి. జపాన్‌లో షోవా శకం 1989 జనవరి 7న ముగిసింది, అంటే షోవా 64వ సంవత్సరానికి ఉన్నవి ఏడు రోజులే. హేసేయి 2019 ఏప్రిల్ 30తో ముగిసి, మర్నాటి నుంచి రేవా మొదలైంది. కొత్త శకం పేరును ప్రకటించింది అమలుకు సరిగ్గా ఒక నెల ముందు. శకాలను ప్రోగ్రాములో రాసుకున్నవారికి అది ఉరుకులు పరుగుల నెల. టేబుల్‌లో పెట్టుకున్నవారికి ఒక వరుస చేర్చే పని. అంతకు ముందే జారీ అయిన పత్రాల్లో ‘హేసేయి 33’ లాంటి గడువు తేదీలు ఉంటాయి. అలాంటి శకం ఇప్పుడు లేదని వాటిని తిరస్కరించకండి. ‘రాసినట్టే’ కాలమ్‌లో అలాగే ఉంచి, దిన సంఖ్యను సరిగా లెక్కించండి.

నాలుగో అంచె: సూత్రాన్ని నమ్మకండి, పట్టికను నమ్మండి

క్యాలెండర్‌ను సూత్రంగా రాసి ఫంక్షన్‌లో పెట్టాలన్న కోరిక ప్రతి ప్రోగ్రామర్‌కూ కలుగుతుంది. ఇథియోపియన్, కాప్టిక్, హీబ్రూ క్యాలెండర్లకు అది చక్కగా పనిచేస్తుంది, అవి పూర్తిగా గణితం మీద నడుస్తాయి. విక్రమ సంవత్‌లో నెలకు ఎన్ని రోజులో చెప్పే చిన్న సూత్రం లేదు, ప్రచురించిన పట్టికలే ఆధారం. నెలవంక హిజ్రీకి అసలు ముందుగా తెలిసే వీలే లేదు.

అన్ని క్యాలెండర్లకూ సరిపోయే ఒకే ఏర్పాటు ‘నెలలు’ అనే టేబుల్. అందులో ప్రతి వరుసా ఒక నెల. క్యాలెండర్, సంవత్సరం, నెల, అధిక_మాసం, నెల మొదటి రోజు దిన సంఖ్య, నెలలో ఎన్ని రోజులు, ఖరారైందా అంచనాయా అన్నవి కాలమ్‌లు. రెండు వందల హిజ్రీ సంవత్సరాలకు 2,400 వరుసలు చాలు.

ఉమ్ అల్ ఖురా ప్రకారం 1445 రంజాన్‌కు మొదటి రోజు 2460381, నిడివి 30. పదిహేడో తేదీ కావాలంటే మొదటి రోజుకు పదహారు కలపండి: 2460397, అంటే 2024 మార్చి 27. వెనక్కి రావాలంటే, దిన సంఖ్య కంటే ఎక్కువ కాని మొదటి రోజుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని వెతికి, తేడాకు ఒకటి కలపండి. క్యాలెండర్, మొదటి రోజు అనే రెండు కాలమ్‌ల మీద కలిపి ఒక ఇండెక్స్ ఉంటే ఈ వెతుకులాట క్షణంలో ముగుస్తుంది.

టేబుల్ నింపిన వెంటనే ఒక పరీక్ష చేయండి. ప్రతి నెల మొదటి రోజుకు దాని నిడివి కలిపితే తరువాతి నెల మొదటి రోజు రావాలి. లీడ్ అనే విండో ఫంక్షన్‌తో పక్క వరుసను తెచ్చుకుని పోల్చవచ్చు. ఒక్క వరుస తేడా వచ్చినా ఆ టేబుల్‌ను వాడకంలోకి తేకండి.

దీని నుంచి ‘రోజులు’ అనే మరో టేబుల్‌ను పుట్టించుకోమని నా సలహా. అందులో ప్రతి క్యాలెండర్‌కూ ప్రతి రోజుకూ ఒక వరుస ఉంటుంది. రెండు వందల ఏళ్లకు ఒక్కో క్యాలెండర్‌కు సుమారు 73 వేల వరుసలు, డేటాబేస్‌కు ఇది లెక్కలోకి రాని బరువు. లాభం మాత్రం పెద్దది. చెక్ కన్‌స్ట్రెయింట్ (ఒక వరుసలోని విలువలకు పెట్టే షరతు) ఇంకో టేబుల్‌లోకి తొంగి చూడలేదు, కానీ ఫారిన్ కీ (విలువ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలనే షరతు) చూస్తుంది. క్యాలెండర్, సంవత్సరం, నెల, అధిక_మాసం, రోజు కలిపి ‘రోజులు’ టేబుల్‌కు ఫారిన్ కీ పెడితే, లేని తేదీ లోపలికి రానే రాదు. ఇరవై తొమ్మిది రోజుల నెలలో ముప్పయ్యో తేదీ రాయబోతే డేటాబేసే ఆపుతుంది.

పంచాంగ తిథుల దగ్గర ఈ ఏర్పాటుకు ఒక మార్పు కావాలి. సూర్యోదయ సమయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి. తిథి నిడివి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతుంది కనుక, ఒకే తిథి రెండు సూర్యోదయాలను తాకవచ్చు, లేదా ఒక్కదాన్నీ తాకకుండా క్షయం కావచ్చు. కాబట్టి ‘రెండోసారి’ అనే కాలమ్‌ను కీలో చేర్చండి. క్షయ తిథికి వరుస ఉండదని ముందే ఒప్పుకోండి. సూర్యోదయం ప్రదేశాన్ని బట్టి మారుతుంది, అందుకని ప్రదేశం కూడా ఆ క్యాలెండర్ గుర్తింపులో భాగమే. నెల అమావాస్యతో ముగిసేదా, పౌర్ణమితో ముగిసేదా అన్నది కూడా అక్కడే రాయాలి.

అయిదో అంచె: ‘మూలం’ కాలమ్

అన్నిటికంటే చిన్నది ఈ కాలమే. అందరూ మరిచిపోయేదీ ఇదే. ప్రతి వరుసలో ‘మూలం’ అనే కాలమ్‌లో ‘రోజు’ అనో ‘పేరు’ అనో రాయండి.

వచ్చే నెల మొదటి రోజును అంచనాగా వేసుకున్నారు. నెలవంక ఒక రోజు ఆలస్యంగా కనిపించింది. ‘నెలలు’ టేబుల్‌లో దిద్దారు. ఇప్పుడు ఆ నెలకు చెందిన వరుసల్లో ఏం మారాలి? ‘మూలం’ పేరు అయితే పేరు అలాగే ఉండాలి, దిన సంఖ్య మారాలి. ‘మూలం’ రోజు అయితే దిన సంఖ్య కదలకూడదు, పేరు మారాలి. ఈ కాలమ్ లేకపోతే దేన్ని దిద్దినా సగం డేటా చెడుతుంది. దిద్దుబాటును ఒకే డేటాబేస్ లావాదేవీగా (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) నడిపి, పాత విలువను, కొత్త విలువను, దిద్దిన సమయాన్ని మరో టేబుల్‌లో భద్రపరచండి.

సాయంత్రం తరువాత ఏ రోజు?

హిజ్రీ, హీబ్రూ క్యాలెండర్లలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. సాయంత్రం ఎనిమిదింటికి జరిగిన జననానికి గ్రెగోరియన్ తేదీ ఒకటి, హీబ్రూ తేదీ మర్నాటిది. పగటికి సరిపోయే మార్పిడి పట్టిక ఇక్కడ ఒక రోజు వెనకబడుతుంది. ‘అస్తమయం_తరువాత’ అనే కాలమ్ పెట్టండి. దానికి అవును, కాదు అనే రెండు విలువలతో పాటు ‘తెలియదు’ అనే మూడోది కూడా ఉండాలి. నల్ (ఖాళీ విలువ) అంటే తెలియదు అని అందరూ ఒకేలా అర్థం చేసుకోరు, అందుకని దాన్ని స్పష్టంగా మాటల్లోనే రాయండి.

సగం తెలిసిన తేదీలు

సంవత్సరం మాత్రమే తెలిసినప్పుడు జనవరి 1 అని రాసేసే అలవాటు చాలా డేటాబేస్‌లను పాడుచేసింది. దిన సంఖ్యకు బదులు ‘మొదటి_రోజు’, ‘చివరి_రోజు’ అని రెండు కాలమ్‌లు పెట్టండి. పూర్తిగా తెలిసిన తేదీకి రెండూ సమానం. హిజ్రీ 1429 అని మాత్రమే తెలిస్తే, ఉమ్ అల్ ఖురా ప్రకారం 2008 జనవరి 10 నుంచి అదే ఏడాది డిసెంబర్ 28 దాకా వ్యాప్తి ఇవ్వండి. ఒక గ్రెగోరియన్ సంవత్సరంలో హిజ్రీ సంవత్సరం మొత్తం ఇమడటం అరుదు, మామూలుగా అది రెండు గ్రెగోరియన్ సంవత్సరాల మీద పరుచుకుంటుంది. వెతికేటప్పుడు వ్యాప్తులు ఒకదాన్నొకటి తాకుతున్నాయా అని అడగాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకు రేంజ్ రకాలు, వాటికి తగిన జిస్ట్ ఇండెక్స్ ఉన్నాయి.

ఏటా తిరిగివచ్చేవి

నియమాన్ని ఒక టేబుల్‌లో, దాని నుంచి లెక్కించిన రాబోయే రోజులను మరో టేబుల్‌లో పెట్టండి. నియమంలో నెల, రోజుతో పాటు, ఆ తేదీ దొరకని ఏడాది ఏం చేయాలో కూడా ఉండాలి. హీబ్రూలో హెష్వాన్ నెల ముప్పయ్యో తేదీ ప్రతి ఏడాదీ ఉండదు. అదార్ నెలలో పుట్టినవారికి, రెండు అదార్ నెలలు వచ్చిన ఏడాది ఏది లెక్క? వర్ధంతుల విషయంలో సమాజాల మధ్య ఆచారం ఒకటి కాదు. ఇక్కడ ప్రోగ్రామర్ నిర్ణయం తీసుకోకూడదు. ‘మొదటి అదార్’, ‘రెండో అదార్’ అనే ఎంపికను ఆ తేదీ ఎవరిదో వారికే వదలండి, వారి జవాబును వరుసలో రాయండి.

వయసు, గడువు లెక్కలకూ ఇదే జాగ్రత్త అవసరం. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులు. ముప్పై మూడు హిజ్రీ ఏళ్లు గడిచేసరికి సౌరమానంలో సుమారు ముప్పై రెండే అవుతాయి. ఒప్పందం ఏ సంవత్సరాల్లో గడువు చెప్పిందో ఆ క్యాలెండర్‌లోనే కలిపి, ఆ తరువాతే దిన సంఖ్యకు మార్చండి.

చూపించేటప్పుడు

ఒరాకిల్‌లో సెషన్ క్యాలెండర్‌ను ఎన్‌ఎల్‌ఎస్ క్యాలెండర్ అనే అమరికతో మార్చవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కన్వర్ట్‌కు 130, 131 శైలులు హిజ్రీ రూపాన్ని ఇస్తాయి. చూపించడానికి ఇవి పనికొస్తాయి. భద్రపరిచే దారిలో మాత్రం వీటిని పెట్టకండి. సెషన్ అమరిక మారితే అదే అంకెల వరుస ఇంకో రోజుగా చదవబడుతుంది, పైగా 130, 131 శైలులు వాడేది గణిత హిజ్రీ రూపాన్ని, ఉమ్ అల్ ఖురాను కాదు.

పరీక్షలు

సాధారణ రోజులతో పరీక్షిస్తే అన్నీ నెగ్గుతాయి. అంచుల దగ్గర పరీక్షించండి. ఇథియోపియా 2000 మెస్కెరెమ్ 1, 2007 సెప్టెంబర్ 12 కావాలి. ఇరాన్ 1403 ఎస్ఫంద్ 30, 2025 మార్చి 20 కావాలి. భారత జాతీయ క్యాలెండర్ 1879 చైత్రం 1, 1957 మార్చి 22 కావాలి. జూలియన్ 1917 అక్టోబర్ 25, గ్రెగోరియన్ నవంబర్ 7 కావాలి. థాయ్ తేదీలకు ఒక ప్రత్యేక పరీక్ష ఉంది. 1941కి ముందు అక్కడ సంవత్సరం ఏప్రిల్ 1న మొదలయ్యేది. అందుకని ఆ కాలపు జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలకు తేడా 543 కాదు, 542. బౌద్ధ శకం 2483కి ఉన్నవి తొమ్మిది నెలలే. ఆ ఏడాది జనవరిని మీ వ్యవస్థ ఒప్పుకుంటే ఎక్కడో సూత్రం దాగి ఉన్నట్టు.

ఇప్పటికే మార్చేసిన పాత డేటా ఉంటే

అసలు తేదీలు పోయిన వరుసలను కొత్త ఏర్పాటులోకి తెచ్చేటప్పుడు, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకండి. క్యాలెండర్ టేబుల్‌లో ‘హిజ్రీ, పద్ధతి తెలియదు’ అనే వరుస చేర్చి వీటిని దానికి కట్టండి. ‘మూలం’ కాలమ్‌కు ‘మార్పిడి’ అనే మూడో విలువ ఇవ్వండి. మొదటి రోజును ఒకటి తగ్గించి, చివరి రోజును ఒకటి పెంచండి. హిజ్రీ రూపాల మధ్య తేడా చాలాసార్లు ఒక రోజులోపే ఉంటుంది, కొన్నిసార్లు రెండుకు వెళుతుంది. అలాంటి చోట వ్యాప్తిని ఇంకా పెంచండి. పత్రాల్లో వారం రాసి ఉన్నవాటిని ముందుగా తీయండి. ఏడుతో భాగించిన శేషం పత్రంలోని వారంతో కలిసిన చోట వ్యాప్తిని తిరిగి ఒక్క రోజుకు కుదించవచ్చు. కలవని చోట, వ్యాప్తిలో ఆ వారం ఏ రోజున పడుతుందో అదే అసలు రోజు కావచ్చు. దాన్ని ఖరారు చేసే ముందు మూల పత్రాన్ని ఒక మనిషి చూడాలి. అలాంటి వరుసలకు ‘పరిశీలించాలి’ అని గుర్తు పెట్టి, జాబితాను పత్రాలు చదవగలవారికి అందించండి.